మొగలివాగు నీళ్ల పరీక్ష

అమరపురి రాజ్యంలో నూకాలు అనే బెస్త మనిషి మొగలివాగులో చేపలు పట్టి బతికేది. మంత్రి మార్తాండుడు ఆ వాగు ఎగువన బట్టలు చలువచేసే కార్ఖానా పెట్టించాడు. సున్నమూ చవుడూ కలిసిన నీళ్లు వాగులోకి వదిలేసరికి దిగువన చేపలన్నీ చచ్చి తేలాయి. బెస్తవాడలో పస్తులు మొదలయ్యాయి.

నూకాలు దిగువ నీళ్లు కుండతో తెచ్చి రాజుకు మొరపెట్టుకుంది.

మంత్రి కుండలోకి తొంగిచూసి, "అద్దంలా ఉన్నాయి ప్రభూ! ఇంత మంచినీళ్లు రాజ్యంలోనే లేవు," అన్నాడు. సభంతా తలలూపింది.

నూకాలు చేతులు జోడించింది. "అయ్యగారి మాట కాదనను మహారాజా. అంత మంచినీళ్లయితే తమరు ప్రాణంగా పెంచుకునే బంగారు చేపల్ని ఇందులో వదిలించండి. అవీ సుఖపడతాయి."

రాజు సరేనన్నాడు. సేవకుడు చేపల్ని తెచ్చి కుండ మీదికి వంచబోయాడు. మంత్రి ఒక్క గెంతులో వచ్చి కుండ మూతిని రెండు చేతులతో మూసేశాడు.

"వద్దు ప్రభూ! చచ్చిపోతాయి!"



"ఆర్నెల్లుగా మేం మొత్తుకుంటున్నది అదే మహారాజా," అంది నూకాలు. "మా మాట ఎవరూ నమ్మలేదు. అయ్యగారు చెబితే నమ్ముతారు కదా!"

ఆ పూటే కార్ఖానా మూతపడింది. వానలు వెళ్లేసరికి నూకాలు వల ఒంటిచేత్తో లాగలేనంత బరువెక్కింది.