యానెక్ తాత సున్నపు గీతలు

అనగనగా ఏడు సముద్రాల అవతల అమెరికా దేశం. ఆ దేశంలో సముద్రమంత చెరువు. ఆ చెరువు ఒడ్డున ఇనుము కరిగించే ఊరు. ఎప్పటి మాటంటే, మీ తాతలు లాగూలు తొడుక్కుని తిరిగే రోజులనుకోండి.

ఆ ఊళ్ళో అందరూ కొలిమి పనివాళ్ళే. వారమంతా మసి, ఆదివారం ఆట. ఆట పేరు ఫుట్‌బాల్. పేరుకే గానీ కాలితో తన్నేది తక్కువ. కోడిగుడ్డులా కోసుగా ఉండే తోలుబంతిని చంకన ఇరికించుకుని ఒకడు పరుగెత్తుతాడు, మిగతావాళ్ళు మీదపడి కూలదోస్తారు. మనకి నవ్వొస్తుంది, వాళ్ళకదే తిరనాళ్ళు. ఊరికి జీతానికి ఆడే జట్టొకటి ఉండేది. దాని పేరు కొలిమి జట్టు.

ఆ జట్టు మైదానంలో గీతలు గీసే ముసలాయన యానెక్. ఆదివారం తెల్లవారుతూనే అడుగున చిల్లులున్న డబ్బాలో సున్నం పోసుకుని, ఊపుకుంటూ నడిచేవాడు. వెనకాల తెల్లటి గీత పడేది. ఆ గీతలు లేకపోతే ఎవడు బంతిని ఎంత దూరం మోశాడో తెలియదు, ఆట సాగదు. సాయంత్రానికి ఆటగాళ్ళ కాళ్ళ కింద గీతలన్నీ బురదలో కలిసిపోయేవి. యానెక్‌కి అదే సంబరం. పైవారం మళ్ళీ గీయాలి కదా మరి. కుదురన్నది ఆయన పుట్టుకలోనే లేదు. అన్నం కూడా నిలబడే తినేవాడు.

"కాలుగాలిన పిల్లివయ్యా నువ్వు" అనేది భార్య బ్రోన్యా.

ఇలా ఉండగా జట్టు యజమానికి దక్షిణాన ఒక ఎండకాసే నగరం నుంచి పిలుపొచ్చింది. పెద్ద మైదానం కట్టించి ఇస్తాం, జట్టుని తోలుకురమ్మని. ఆయన మూడు లారీలు తెప్పించాడు. మొదటి లారీలో తోలు టోపీలు ఎక్కించారు.

"మరి ఆదివారం?" అన్నాడు యానెక్.

రెండో లారీలో బంతులూ బట్టలూ ఎక్కించారు.

"మరి ఆదివారం?"

మూడో లారీలో గోలు స్తంభాలు పీకి ఎక్కించారు.

"మరి ఆదివారం, అయ్యగారూ?"

"ఆదివారాలు అక్కడా వస్తాయి. నువ్వూ రా, గీతలక్కడా కావాలి" అన్నాడు యజమాని.

"నేను రాగలను. ఈ ఊరు రాగలదా అండీ" అన్నాడు యానెక్.

లారీలు వెళ్ళిపోయాయి, యానెక్ ఉండిపోయాడు. ఊరు అలిగి తలుపులేసుకుంది. ఊరిపెద్దలు మాత్రం ఊరుకోలేదు. ఆట లేని నేల దేనికి, బొగ్గు పోసుకుందాం అన్నారు. యానెక్ పరుగెత్తుకెళ్ళి వాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాడు. వాళ్ళు జాలిపడ్డారో, నవ్వులాటకన్నారో గానీ, "మూడు ఆదివారాలు చూస్తాం. ఆట జరిగితే సరి. లేదంటే మూడో ఆదివారం బొగ్గు లారీలొస్తాయి" అన్నారు.

మొదటి ఆదివారం యానెక్ గీతలు గీశాడు. అలవాటు కొద్దీ కాళ్ళు లాక్కొచ్చిన జనం కంచె బయట నిలబడి, పెళ్ళికొడుకు లేని పెళ్ళికి పందిరేస్తున్నాడని నవ్వి పోయారు.

రెండో ఆదివారం వచ్చి చూస్తే గీతలు గీసినవి గీసినట్టే ఉన్నాయి. ఒక్క అడుగు పడలేదు. అది చూసి యానెక్‌కి ఏడుపొచ్చింది. చెరగని గీత మీద మళ్ళీ గీయడానికి చెయ్యి రాలేదు. అందుకని తనే ఈ చివర నుంచి ఆ చివరకి పరుగెత్తి, బూట్లతో రాకి అన్నీ చెరిపేశాడు. చెరిపి మళ్ళీ గీశాడు.

"ముసలాడికి మతి పోయింది" అంది ఊరు.

మూడో ఆదివారం బొగ్గు లారీలు గేటు ముందుకొచ్చి ఆగాయి, వాటి వెనకే ఊరిపెద్దలూ వచ్చారు. లోపల యానెక్ రొప్పుతూ పరుగెత్తి చెరుపుతున్నాడు, గీస్తున్నాడు, మళ్ళీ చెరుపుతున్నాడు. కంచె బయట జనంలో ఉన్న కొలిమి పనివాడు ఇగ్నాట్ ఇక చూడలేక కంచె దూకి వచ్చాడు.

"కూర్చో తాతా. గుండె ఆగి చస్తావు."

"నేను కూర్చుంటే ఈ నేల పోతుందిరా. గీయడం నేను చూసుకుంటాను. చెరపడానికి మీరు రండి" అన్నాడు యానెక్.

ఇగ్నాట్ కోటు విప్పాడు, ఉండగా చుట్టాడు, చంకన ఇరికించుకుని పరుగు తీశాడు. కంచె మీంచి ఇంకొకడు దూకి వాణ్ణి కూలదోశాడు. ఆ తర్వాత ఎంతమంది దూకారో లెక్కపెట్టిన వాళ్ళు లేరు. లారీల డ్రైవర్లు కూడా దిగొచ్చి చెరో పక్షం చేరారు. పొద్దుగూకేసరికి నేల మీద సున్నపు చుక్క మిగల్లేదు. ఊరిపెద్దలు తలలు దించుకుని ఇళ్ళకి పోయారు.

అప్పుడు యానెక్ ఆ బురదలో కూర్చున్నాడు. ఆయన కూర్చోవడం బ్రోన్యా చూడటం అదే మొదలు.

ఆ రోజు దూకినవాళ్ళలోంచే కొత్త జట్టు పుట్టింది. పాత పేరే పెట్టుకుంది. దక్షిణానికి పోయిన జట్టుని ఎన్నోసార్లు ఓడించింది, కొన్నిసార్లు ఓడింది. అవన్నీ యానెక్ చూడలేదు. ఆ చలికాలమే పోయాడు.

బ్రోన్యా ఆయన సమాధి మీద సున్నంతో ఒక గీత గీసి వచ్చింది. వారం పోయాక వెళ్ళి చూస్తే అది గీసినట్టే ఉంది. ఆమె ప్రాణం ఒప్పలేదు. "చెరగని గీత కింద నీకు నిద్రెలా పడుతుందయ్యా" అని ఏడుస్తూ, బూటు కాలితో ఆ గీతని చెరిపేసింది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో ఆదివారం ఆటకి పోయేవాళ్ళు ముందు శ్మశానానికి పోతారు. మొదట వెళ్ళినవాళ్ళు గీస్తారు, తర్వాత వెళ్ళినవాళ్ళు చెరిపి మళ్ళీ గీస్తారు. ఏ సమాధినైనా తొక్కితే తప్పంటారు ఆ ఊరివాళ్ళు. యానెక్ సమాధిని మాత్రం తొక్కకుండా వస్తే తప్పు.