పేరు వదిలేసిన పెరటి చెట్లు

అనగనగా అంటే ఎంత అనగా అని అడక్కండి, అది మా అమ్మమ్మకే తెలీదు. అప్పుడో ఊళ్ళో ఓ ఇల్లు. ఇంటి ముందు అరుగు, ఇంటి వెనక పెరడు, పెరట్లో నుయ్యి, నూతికి అటో చెట్టు, ఇటో చెట్టు. ఆ చెట్లేమిటో ఇంట్లో ఎవరూ చెప్పరు. ఊళ్ళో ఎవరికీ తెలీదు.

నవ్వకే బుజ్జీ. వింటూ ఉంటే నీకు చప్పున తెలిసిపోతుంది. తెలిసినా పైకి అనకు. అన్నావంటే కథ ఇక్కడే ఆగిపోతుంది, నాకూ నిద్రొస్తోంది. ఊఁ కొడుతున్నారా? ఆఁ.

ఆ ఇంటికి ఆదెమ్మ అని కొత్త కోడలొచ్చింది. పుట్టిల్లు సముద్రం ఒడ్డున ఉప్పు పండించే ఊరు. ఆ ఉప్పునేలలో తాడిచెట్టు, మొగలిపొద తప్ప ఇంకోటి మొలవదు. అందుకని పచ్చటి చెట్టు కనబడితే చాలు, ఆ పిల్లకి ప్రాణం లేచొచ్చేది. వచ్చిన రోజే పెరట్లోకెళ్ళి, ఇవేం చెట్లత్తా అని అడిగింది.

అత్త కామాయమ్మ గంభీరంగా చెప్పింది, అది పెద్దదీ, ఇది చిన్నదీ అని.

"అది కాదత్తా, పేరు?"

"చెట్టుకి పేరేమిటే? పిలిస్తే వస్తుందా?"

సరేలే అని ఊరుకుంది ఆదెమ్మ. కానీ ఒకటి కనిపెట్టింది. పొద్దున్నే పెరట్లోంచి వచ్చేసరికి అత్తగారి నాలుక వంకాయ రంగులో ఉంటోంది. అదేమిటత్తా అంటే, నాలిక్కి జబ్బే, ఎండాకాలం వెళ్ళేముందు వస్తుంది, వానలు ముదిరితే పోతుంది అంది. పాపం, ఏటేటా వచ్చే జబ్బు!

ఇలా ఉండగా రాజుగారు ఏనుగెక్కి ఊరు చూడ్డానికొచ్చాడు. ఏనుగు మీదున్నవాడికి గోడ అడ్డమా? పెరట్లోకి తొంగి చూశాడు. పెద్ద చెట్టుకి మొద్దునంటుకునే ముళ్ళ ముళ్ళ మూటలు వేలాడుతున్నాయి. చిన్న చెట్టు కింద నల్లగా గుండ్రంగా ఏవో నేలంతా రాలున్నాయి. రాజుగారు కిందికి వంగి, ఎవర్నో కాదు, ఆ చెట్లనే అడిగాడు, మీరెవరు అని. చెట్లు పలకలేదు. మళ్ళీ అడిగాడు. ఆకులూపాయి గానీ పలకలేదు. రాజుగారికి కోపం నెత్తికెక్కింది. రాజు అడిగితే జవాబు చెప్పని వాళ్ళు నా రాజ్యంలో ఉండకూడదన్నాడు. పున్నం నాటికి మళ్ళీ వస్తాను, వాటి పేర్లు నాకు తెలియాలి, లేదా రెంటినీ మొదలంటా నరికిస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

కామాయమ్మ లబోదిబోమంది. ఆ పెద్ద చెట్టు మావగారు పెట్టింది, ఈ చిన్న చెట్టు నేను పెట్టింది, ఇన్నేళ్ళూ ఏ రాజూ తొంగి చూడలేదు, నువ్వు కాలు పెట్టావు, ఏనుగు వచ్చిందంది. ఆఖరికి తేల్చేసింది: "చెట్టు కూలిన పూట కట్టుకో నీ మూట!"

ఆదెమ్మ మొగుడు పుల్లయ్య మంచివాడే, కానీ అమ్మ ఎదుట నోరు లేవదు. పెళ్ళాం దగ్గరికెళ్ళి, నేనూ నీతో వచ్చేస్తాలే, మీ ఊళ్ళో ఉప్పు ఎలాగూ కొనక్కర్లేదు కదా అన్నాడు. అదీ ఓదార్పే! ఆ పిల్లకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. మొగుడు మంచివాడు, ఇల్లు బాగుంది, పచ్చటి పెరడుంది. ఇవన్నీ వదిలి ఎక్కడికి పోతుంది?

ఊరంతా వచ్చి పెరట్లో పడ్డారు.

ఆకు చూస్తే ఆముదం కాదు, బెరడు చూస్తే బాదం కాదు, కొమ్మ చూస్తే కొబ్బరి కాదు, కాయ చూస్తే కాకర కాదు!

ఒకాయన ముళ్ళమూటల్ని చూసి, ష్, మాట్లాడకండి, ముళ్ళపందులు చెట్టెక్కి పడుకున్నాయన్నాడు. దాంతో అందరూ మునివేళ్ళ మీద నడవడం మొదలెట్టారు. ఇంకొకాయన, లేస్తే ఆకలేస్తుంది కదా అని కింద గడ్డి పరిచాడు. చిన్న చెట్టు దగ్గరికి పోయినవాళ్ళు రాలినవి చూసి మేకపెంటికలన్నారు. అయితే పైన మేక ఉండాలి కదా అని ఒకడు చెట్టెక్కి, దిగొచ్చి, మేక కనబళ్ళేదు, మొన్ననే వెళ్ళినట్టుందన్నాడు. వడ్రంగి సత్తెయ్య పెద్ద చెట్టు కాయకి గాటు పెట్టి, కారిన పాలు అరచేత్తో తుడిచి, ఆ చేత్తోనే గడ్డం నిమురుకున్నాడు. చెయ్యి గడ్డానికి అతుక్కుపోయింది. లాగితే రాదు, కడిగితే పోదు. వాడు రెండు రోజులు ఏదో ఆలోచిస్తున్నట్టే తిరిగాడు. చూసినవాళ్ళంతా అబ్బో, సత్తెయ్య ఎంత ఆలోచిస్తున్నాడో అనుకున్నారు. చివరికి ఆదెమ్మే గిన్నెడు నువ్వులనూనె తెచ్చి పోస్తే చెయ్యి ఊడింది. ఏం ఆలోచించావన్నా అంటే, ఎప్పుడూడుతుందా అని అన్నాడు.

ఆకు చూస్తే ఆముదం కాదు, బెరడు చూస్తే... ఏది, మీరు చెప్పండి? ఆఁ, బాదం కాదు!

పున్నం దగ్గరపడింది. ఓ మిట్టమధ్యాహ్నం అత్త కునుకు తీస్తుంటే ఆదెమ్మ నీళ్ళకని నూతి దగ్గరికెళ్ళింది. పెద్ద చెట్టు మీంచి వెక్కి వెక్కి ఏడుపు. తలెత్తి చూస్తే కొమ్మ మీద తెల్లటి దయ్యం, కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంది.

భయపడకండి, ఇంకా దగ్గరికి జరక్కండి, నాకు ఊపిరాడ్డం లేదు. అది వాళ్ళింటి దయ్యమే. పుల్లయ్య తాత సోమన్న.

"ఎందుకు తాతా ఏడుస్తున్నావు?" అంది ఆదెమ్మ, కొంగు తల మీదికి లాక్కుని. పెద్దాయన కదా.

"ఏం చెప్పనే అమ్మీ! దయ్యాలన్నీ కలిసిన చోట తాటిచెట్టు దయ్యం, చింతచెట్టు దయ్యం అని దర్జాగా పేరు చెప్పుకుంటాయి. నన్నడిగితే ఆ చెట్టు దయ్యాన్ని అంటాను. ఏ చెట్టు అంటారు. ఆ చెట్టే అంటాను. పకపకా నవ్వుతారు."

"నీ చెట్టు పేరు నీకు తెలీదా?"

"తెలుసే! కానీ అనకూడదే!"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. కాశీకి పోయినవాళ్ళు తమకి ఇష్టమైన పండో కాయో ఒకటి గంగ ఒడ్డున వదిలేసి రావాలి కదా, బతికున్నన్నాళ్ళూ మళ్ళీ తినకూడదు కదా. మీ తాతయ్య కాకరకాయ వదిలేశారు, అంతకుముందూ ఎప్పుడూ తినేవారు కాదనుకోండి. సోమన్న తాత అలాక్కాదు, నిజంగా ప్రాణమైన పండే వదిలేశాడు. వదిలేముందు ఆఖరిసారని కడుపు పగిలేలా తిన్నాడు. పండు వదిలాడు గానీ గింజ వదల్లేకపోయాడు. పంచె కొసన మూట కట్టుకుని తెచ్చి పెరట్లో పాతాడు. అది మొలిచింది, ఎదిగింది, కాసింది. పేరు వింటే నోరూరుతోంది. అందుకని, ఈ ఊళ్ళో దాని పేరు ఎవరూ ఎత్తకూడదన్నాడు. ఆయన ఊరికి పెద్ద. పేరు ఎత్తనివాళ్ళు ముసలివాళ్ళయి పోయారు, పేరు విననివాళ్ళు పెద్దవాళ్ళయ్యారు. పేరు లేని కాయని ఎవడు తింటాడు? తర్వాత కామాయమ్మా కాశీ వెళ్ళింది. ఆవిడా ఒకటి వదిలింది, ఆవిడా ఓ గింజ తెచ్చింది. ఇంటి ఆచారం మరి!

ఆదెమ్మ బిందె నూతిగట్టు మీద పెట్టింది. తర్వాత మెల్లిగా అంది.

"తాతా, కోప్పడకు. బతికున్నన్నాళ్ళే కదా వదిలావు? ఆ వదిలిన నోరు నీతోపాటు కాటిలో కాలిపోయింది. ఇప్పుడున్నది దయ్యం నోరు. ఇదెప్పుడు కాశీకెళ్ళిందీ?"

దయ్యం నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. "ఇన్నాళ్ళూ ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదేమే!" అని కొమ్మ మీదే బోర్లా పడిపోయింది.

మరి పేరు చెప్పు తాతా అంది. ముందు తిననీవే, ఎండు నోటితో ఆ పేరు అనలేనంది దయ్యం. దయ్యానికి చేతికి అందదు కదా, తద్దినం నాడు ఎవరో ఒకరు ఆయన పేరున పెట్టాలి.

ఊఁ కొడుతున్నారా? గోపీ పడుకున్నాడా? లేదూ? సరే.

పున్నం వచ్చింది. ఆ రోజే సోమన్న తాత తద్దినం. ఇటు వంటలవుతున్నాయి, అటు రాజుగారు ఏనుగు దిగాడు, గొడ్డళ్ళ వాళ్ళు పెరట్లో వరసగా నిలబడ్డారు. కామాయమ్మ కోడలి బట్టలు మూటగట్టి గుమ్మంలో పెట్టేసింది. పుల్లయ్య తన పంచె కూడా ఆ మూటలోకి దూర్చాడు.

గోడ మీద పిండం ముద్ద పెట్టారు. కాకి వచ్చింది, చూసింది, మొహం తిప్పుకుంది. పోయినవాళ్ళకి కోరిక మిగిలితే కాకి ముట్టదు. ఆ ఇంట్లో ఏ ఏడూ ముట్టలేదు. గారెలు పెట్టారు, ముట్టలేదు. పరమాన్నం పెట్టారు, ముట్టలేదు.

రాజుగారు గొడ్డళ్ళ వాళ్ళకి సైగ చేశాడు.

ఆదెమ్మ ఒక్క పరుగున వెళ్ళింది. సత్తెయ్య గడ్డం గుర్తుంది కదా, చేతులకీ కత్తికీ నూనె రాసుకుంది. పెద్ద చెట్టు కింద పండి వాసనేస్తున్న ముళ్ళమూటని నిలువునా చీల్చింది. ముళ్ళపందిని చంపేస్తోందో అని ఊరంతా కళ్ళు మూసుకున్నారు. లోపల బంగారం రంగు. ఒక్క తొన వలిచి ముద్ద పక్కన పెట్టింది.

కాకి కా అనను కూడా లేదు. గుటుక్కుమంది. అంతే, చెట్టు మీంచి పెద్ద కేక:

"పనస! పనస! నేను పనసచెట్టు దయ్యాన్ని! ఓరి తాటిచెట్టూ, ఓరి చింతచెట్టూ, వినండ్రా!"

అని మూడు గంతులేసి, మనవరాలా చల్లగా ఉండు అని, ఆకాశంలోకి పోయింది దయ్యం. కోరిక తీరాక దయ్యం ఉండదు.

రాజుగారు తొన నోట్లో వేసుకుని, ఇదా! ఇది మా వంటింట్లో కాస్తుంది కదా అన్నాడు. ఆయనకి వలిచి పళ్ళెంలో పెట్టడమే తెలుసు, చెట్టు తెలీదు. సరే, ఒకటి దక్కింది, మరి ఈ చిన్నదాని పేరో అన్నాడు.

దాని పేరు తెలిసింది కామాయమ్మ ఒక్కతెకి. ఆవిడ బతికే ఉంది, ఆవిడ నోరు కాశీకెళ్ళొచ్చిన నోరే. ఎలా చెబుతుంది? చెట్టు వంక చూసింది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది, పెదాలు బిగించుకుంది. గొడ్డలి లేచింది.

ఆదెమ్మ అత్త చెవిలో అంది. "నువ్వేం అనకత్తా. ఒక్కసారి నాలుక బయట పెట్టు, చాలు."

"ఛీ! రాజుగారి ఎదుటా?"

"చెట్టు పోతుందత్తా!"

కామాయమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని నాలుక చాపింది. ఇంత పొడుగు, వంకాయ రంగు.

రాజుగారు ఎగిరి గంతేశాడు. "నేరేడు! నాకూ ఇదే జబ్బు!" అని తనూ నాలుక చాపాడు. ఆయనదీ అదే రంగు. ఆ రాజూ కామాయమ్మా ఎదురెదురుగా నాలుకలు చాపుకుని నిలబడితే, రాజుగారు చేశాక మనం చెయ్యకపోతే బాగుండదని గొడ్డళ్ళ వాళ్ళూ చాపారు, ఊరంతా చాపింది. ఏనుగుకి చాపడం రాక తొండమెత్తింది.

గోపీ, నువ్వు చాపక్కర్లేదు, లోపల పెట్టు.

పుల్లయ్య తెల్లబోయాడు. అదేమిటమ్మా, కాశీలో వదిలేశానన్నావుగా అన్నాడు.

"పేరు వదిలేశాన్రా నాయనా. పండు వదల్లేకపోయాను!" అంది కామాయమ్మ. ఇన్నేళ్ళుగా తెల్లారకముందే లేచి దొంగతనంగా తిన్నానని చెప్పి ఒకటే ఏడుపు. ఆదెమ్మ నవ్వలేదు. దోసెడు నేరేడుపళ్ళు కడిగి, ఇంత ఉప్పు అద్ది అత్త చేతిలో పెట్టింది. ఉప్పు పుట్టింటిదే. ఉప్పుతో ఇంత బాగుంటాయని ఇన్నేళ్ళూ తెలీలేదే అని కళ్ళు తుడుచుకుని తినేసింది ఆవిడ. తిని, గుమ్మంలో మూట తానే విప్పి, కోడలి చీరలు దండెం మీద వేసింది. మధ్యలో కొడుకు పంచె కనబడితే వాణ్ణి రెండు తిట్టింది.

రాజుగారు పనసతొనలు తిని, మూతి అతుక్కుపోయి, మూడు రోజులు ఎవర్నీ తిట్టకుండా రాజ్యమేలాడు. రాజ్యం చాలా బాగుందన్నారు జనం.

అందుకనే చెబుతున్నా, ఏదైనా వదిలేస్తే మనసులోంచి వదిలేయాలి. వదల్లేకపోతే పదిమందికీ పెట్టి, మనమూ తిని, నోరు కడుక్కోవాలి. అంతేగానీ పేరు దాస్తే చెట్టు దాగదు.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం. బుజ్జీ, ఏదీ, నీ నాలుక చూపించు? అదీ సంగతి! పొద్దున బుట్టలో పళ్ళు ఎలా తగ్గాయా అనుకున్నాను. లేచి నోరు కడుక్కుని పడుకో.