అడుగున ఉంచిన తరవాణి

"గురువుగారూ, నాలోంచి భయం పూర్తిగా పోవాలంటే ఏం చెయ్యాలి?" అని పైడయ్య చిదంబరయ్యగారిని అడిగాడు. ప్రశ్న అడిగినవాడికి ఏదో ఒక పని అప్పగించడం ఆయన అలవాటు. "రేపట్నించి తరవాణి కుండ నువ్వు చూసుకో. ఎంత తోడినా అడుగున కాస్త ఉంచి, దానిమీదే కొత్త గంజి పొయ్యి," అన్నారంతే.

నాగావళి ఒడ్డున ఉన్న ఆ ఆశ్రమంలో ఎండాకాలమంతా అందరి కడుపులనూ చల్లగా ఉంచేది ఆ పులిసిన గంజే. పని తేలికే గానీ పిరికివాడికి తాడే పాము. ఆ వారంలోనే అవతలి ఒడ్డు ఊళ్ళో వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. ఏటివైపు పాడెలు రావడం పైడయ్య కళ్ళారా చూశాడు. ఆ సాయంత్రం కుండ మూత తీస్తే లోపల బుడగలు, సన్నగా చిటచిటమనే చప్పుడు. గంజిలో ఏదో ఊపిరి తీస్తున్నట్టే ఉంది. అతని పైప్రాణాలు పైనే పోయాయి. ఎవరికీ చెప్పకుండా కుండంతా ఒంపేశాడు. బూడిదతో తోమాడు, సలసల మరిగే నీళ్ళతో కడిగాడు, తాజా గంజి పోసి మూతికి గుడ్డ కట్టాడు. ఇక గండం గడిచిందనుకుని కంటినిండా నిద్రపోయాడు.

రెండు రోజుల తర్వాత గుడ్డ విప్పితే పుల్లటి వాసన లేదు, కుళ్ళు కంపు కొట్టింది. గంజి జిగటగా తీగలు సాగింది. పారబోద్దామనుకునేలోగానే చిదంబరయ్యగారు ఉపవాసం విడవడానికి వచ్చి, తామే ఒక ముంత ముంచుకున్నారు. ఆయనకు పడిశం, ముక్కు దిబ్బడేసి వాసన తెలియడం లేదు. చెబితే చీవాట్లు తప్పవు. ఆ భయం పైడయ్య నోరు కట్టేసింది. ముంత ఆయన పెదవులదాకా వెళ్ళింది. ఏటి ఒడ్డు పాడెలు కళ్ళముందు మెదిలాయి.

"వద్దు బాబూ! తాగొద్దు, సచ్చిపోతారు!" అని అరిచి ముంతను చేత్తో కొట్టాడు. అది గోడకు తగిలి ముక్కలైంది.

జరిగిందంతా చెప్పి కాళ్ళమీద పడ్డాడు. గురువుగారు కోప్పడలేదు. "కంటికి ఆనని మంచి జీవాలు ఆ పులుపులో కాపురముంటాయిరా. అవి ఉన్నన్నాళ్ళూ చెడ్డవాటికి చోటివ్వవు. నువ్వు వాటినీ వెళ్ళగొట్టావు," అన్నారు. అతన్నే ఈ ఒడ్డునున్న గొల్లవీధిలో రావులమ్మ ఇంటికి పంపి, ఆవిడ కుండలోంచి చెంబెడు తరవాణి తెప్పించారు. పైడయ్య కుండ మళ్ళీ కడిగి, అందులో అది పోసి, పైన చల్లారిన గంజి పోశాడు.

"బాబూ, భయం పోవడం గురించి నేనడిగింది అలాగే ఉండిపోయింది," అన్నాడు చివరికి.

"ఇందాక నా ముంత పగలగొట్టింది ఎవరు?"

పైడయ్య వంగి గోడవారనున్న ముంత పెంకులు ఏరాడు. "నా భయమే, బాబూ."

"ఊఁ," అన్నారు చిదంబరయ్యగారు, కుండకు గుడ్డ కడుతూ. "అయితే అంతా ఒంపేయకు. అడుగున కాస్త ఉండనీ."