పందికొక్కు పెట్టిన ఆనపపాదు

రెండు కొండల మధ్య ఓ లోతైన లోయ ఉంది. దానికో వింత గుణం. ఎండ దిగిపోయి గాలి సద్దుమణిగిన వేళ ఈ కొండ మీద కూచుని మామూలుగా మాట్లాడినా ఆ కొండ మీదివాళ్ళకి పక్కనుంచి అన్నంత స్పష్టంగా వినపడుతుంది. మాట వినపడుతుందే గాని మాట్లాడినవాళ్ళు కనపడరు. ఎవరి పొదలో వాళ్ళు, ఎవరి బొరియ వాకిట్లో వాళ్ళు కాళ్ళు చాపుకుని కూచుని గొంతు వదిలితే చాలు, సభ మొదలైపోతుంది.

ఆ సభలోవాళ్ళందరికీ ఒకటే పిచ్చి, పాదులు. బీర, పొట్ల, గుమ్మడి, దోస, ఏదైనా సరే. కడుపు కోసం కాదు, కడుపుకైతే అడవి నిండా కాయలే. గింజ పెట్టి, అది పాకుతుంటే చూసుకుని, ఆ సంగతి నలుగురికీ చెప్పుకోవడంలో ఉన్న సుఖం వేరు. అది లేనివాళ్ళకి ఎంత చెప్పినా అర్థం కాదు, ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

గవరమ్మ అనే పందికొక్కు ఆ లోయ అంచునే ఒక బండ కింద కాపురం ఉండేది. పందికొక్కుకీ పాదుకీ ఉన్న చుట్టరికం అందరికీ తెలిసిందే. పాదు పైన పచ్చగా ఉంటుంది, పందికొక్కు కిందనుంచి వేరు కొరికేస్తుంది. గవరమ్మ కూడా తన వయసులో చాలా వేళ్ళు కొరికింది. అయితే ఆ ఏడు వానలకి వాగు ఒక ఎండిన ఆనపకాయ బుర్రని కొట్టుకొచ్చి ఆమె బండ దగ్గర వదిలేసింది. లోపల ఒకే ఒక్క గింజ మిగిలుంది. పళ్ళ మధ్య పెట్టుకుంది గాని, కొరకబోతూ ఆగింది. తింటే ఏమవుతుందో తనకి తెలుసు. తినకపోతే ఏమవుతుంది? పుట్టిన దగ్గర్నుంచి ఆ సంగతి ఆలోచించలేదు. గింజని తీసి వాకిట్లో పెట్టి మట్టి కప్పింది.

ఏమవుతుందో చూద్దామని రోజూ పొద్దున్నే ముక్కు పెట్టి వాసన చూసేది. మొలక వచ్చింది. ఆకు విప్పింది. నులితీగ వేసి బండని పట్టుకుని పైకి పాకింది. తెల్లటి పువ్వులు పూసింది. గవరమ్మకి ఆ పాదు మీద ఎంత మమకారం పుట్టిందంటే, తిండికి బయల్దేరినది కూడా వెనక్కి తిరిగి ఒకసారి చూసుకుని గాని కదిలేది కాదు. పూలలో కొన్నిటి వెనకాల బొటనవేలంత పిందె ఉండేది, మిగతావాటికి ఉత్త పొడుగు కాడే. పిందె కనపడిన రోజు ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. నాలుగు రోజులకి ఆ పిందె పచ్చబడి రాలిపోయింది. తర్వాతది కూడా అంతే. ఆ తర్వాతదీ అంతే.

ఎందుకు రాలుతోంది? ఆ ఒక్క ప్రశ్న ఆమెకి నిద్ర పట్టనివ్వలేదు. పాదు మొదట్లో ఆకులు అప్పటికే ఎండుముఖం పట్టాయి. కాయ కాయకుండా పాదు పోతే గింజ ఉండదు, గింజ లేకపోతే ఇంక పాదు ఉండదు. వాగు ఏటేటా ఆనపబుర్రలు మోసుకురాదు. అందుకని గవరమ్మ ఒక సాయంత్రం ధైర్యం చేసి బండ ఎక్కి, తన పాదు పూసిందనీ, పిందెలు నిలవడం లేదనీ, ఎందుకో చెప్పమనీ లోయలోకి గొంతు వదిలింది.

జవాబు చెప్పింది జగ్గారాయుడనే నక్క. సభకి పెద్ద ఎవరూ లేరు గాని, కొత్త గొంతు ఏది వినపడినా ముందుగా పలకరించేది ఆయనే. కొత్తవాళ్ళ సంగతి నేను చూసుకుంటాను, మీరు హాయిగా కబుర్లు చెప్పుకోండని మిగతావాళ్ళకి ఎప్పుడో అభయమిచ్చాడు. వాళ్ళూ హమ్మయ్య అనుకున్నారు.

సభకి ఒక మర్యాద ఉందనీ, ముందు నమస్కారం చెప్పాలనీ, తర్వాత ఏ పాదో, ఏ నేలో, ఎండ ఏ పక్కనుంచి పడుతుందో వరసగా విన్నవించుకోవాలనీ రాయుడు ఆమెకి వివరించాడు. మర్నాడు గవరమ్మ అలాగే నమస్కారంతో మొదలుపెట్టి, నేల సంగతీ, ఎండ సంగతీ విన్నవించుకుంటూ వస్తే, నీ పురాణం విని పెద్దలు ఆవలిస్తున్నారు, క్లుప్తంగా అడగడం నేర్చుకోమన్నాడు. మూడోనాడు క్లుప్తంగా అడిగింది.

"ఈ ప్రశ్న ఇదివరకే వచ్చింది తల్లీ," అన్నాడు రాయుడు. "అడిగిందే అడిగితే మేం చెప్పిందే చెప్పాలా? గోరింక దగ్గరికెళ్ళి పాత మాటలు విని రా."

మిగతావాళ్ళు మళ్ళీ గుమ్మడికాయల కబుర్లలో పడ్డారు. గవరమ్మకి ఏడుపొచ్చింది. తను అడిగింది ఆకాశంలో చుక్కల్ని కాదు కదా, పిందె ఎందుకు రాలిందని. దానికింత గీరా అనుకుంది.

అయినా వెళ్ళింది. కొండ గుహలో ఒక ముసలి గోరింక ఉంది. లోయలో ఎవరేం మాట్లాడినా అక్షరం పొల్లుపోకుండా దానికి కంఠతా వచ్చు. కావలసింది ఏరి చెప్పడం మాత్రం రాదు, మొదట్నుంచీ చదువుకుంటూ పోతుంది. గవరమ్మ గుహలో కూచుని వినసాగింది. ఎవరి దోసకి చీడ పట్టింది, ఎవరి బీర చేదెక్కింది, ఎవరు ఎవర్ని ఏమన్నారు, దానికి వాళ్ళెంత అలిగారు, మళ్ళీ ఎలా రాజీపడ్డారు, మధ్యలో బోలెడన్ని దండాలూ క్షేమసమాచారాలూ. రెండు రోజులు వింది. పిందె సంగతి తనలాగే ఇంకెవరో పాపం అడిగారు. వాళ్ళకి వచ్చిన జవాబు కూడా పాత మాటలు విని రమ్మనే.

విసుగొచ్చి లేచిపోవలసింది. కాని గవరమ్మకి ఒక విచిత్రం తట్టి మళ్ళీ కూచుంది. ఎవరైనా "ఎలా" అని అడిగినప్పుడల్లా సభ మూగనోము పట్టింది. ఒకసారి మాత్రం ఒక కోతి, పొట్లకాయ తిన్నగా దిగాలంటే రాయిని తీగకి కట్టాలని గొప్పలు పోయింది. ఇంక చూడాలి. తీగకి కాదు, కాయ చివర కట్టాలని అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు, ఎంత రాయి కట్టాలో, ఏ నారతో కట్టాలో, ఎన్నాళ్ళుంచాలో అడక్కుండానే చెప్పుకొచ్చారు. అలాంటిది ఇంకోచోట కూడా దొరికింది. మరోచోట కూడా.

వీళ్ళకి తెలియక కాదన్నమాట ఊరుకుంటున్నది, అనుకుంది గవరమ్మ. మరి అడిగితే కదలని నాలుక, తప్పు వినగానే ఎందుకు కదులుతుందో? ఆమెకి కోపం కన్నా ఆ సంగతి తేల్చుకోవాలన్న కుతూహలం ఎక్కువైంది. ఇంటికొచ్చి పాదు చూసుకుంటే, ఎక్కడో పైన ఒకే ఒక్క పిందె మిగిలుంది. దాని ముందరి మొగ్గ విచ్చుకోవడానికి సిద్ధంగా ఉంది.

ఆ సాయంత్రం గవరమ్మ నమస్కారం చెప్పలేదు. బండ మీద నిలబడి, నాలుగు తరాల నుంచి పాదులు పెడుతున్నదానిలా గొంతు పెంచింది.

"ఆనపపాదు పెట్టినవాళ్ళంతా వినండి. పిందె లేని ఉత్త కాడపువ్వులు బలాన్ని తినేస్తున్నాయి, అందుకే పిందెలు రాలుతున్నాయి. నేను ఈ పూటే వాటన్నిటినీ తుంచి పారేస్తున్నాను. మీరూ అదే చెయ్యండి."

తనకి తోచిన అబద్ధాల్లో అదే పెద్దది. ఇప్పుడు ఎవరో ఒకరు అడ్డుపడతారని చెవులు రిక్కించింది. అడ్డుపడలేదు సరికదా, జగ్గారాయుడు అందుకున్నాడు. ఇంత ధీమాగా మాట్లాడే గొంతు ఎవరో ఆరితేరినవాళ్ళదే అయ్యుంటుందని ఆయన లెక్క. మూడు రోజులు వెంట తిప్పుకున్న గొంతేనని పోల్చుకోలేదు.

"నోటిమాట లాగేసుకున్నారు," అన్నాడు. "నేనూ ఎప్పుడూ అదే చేస్తాను. ఆలస్యం చెయ్యకండి, మొదలంటా తుంచెయ్యండి."

గవరమ్మకి అనుమానం వచ్చింది, తను ఊరికే అన్నమాట నిజమా ఏమిటి? ఇన్నాళ్ళూ ఆ పువ్వులేనా తన పిందెల్ని పొట్టన పెట్టుకుంది? రాయుడంతవాడు అదే చేస్తానంటున్నాడు. పైన ఆ ఒక్క మొగ్గ రేకులు విప్పుతోంది. ఆమె నెమ్మదిగా పాదు పక్కకి పాకి, కాడపువ్వు ఒకదాన్ని పళ్ళ మధ్య పట్టింది.

"తుంచీకు!"

ఆ గొంతుకి బండ అదిరింది. అది సింహాద్రిది. ఏనాడో బండి కాడి వదిలించుకుని అడవిలో స్థిరపడ్డ ముసలి దున్నపోతు. తన పేడే తనకి ఎరువుగా, గుమ్మడి పాదులు పెంచుకుంటూ ఉంటాడు. పలకడమే అరుదు.

"ఎవులమ్మా నువ్వు, పాదుని సంపీడానికి పూనుకున్నావు? అవి మగపువ్వులు. పిందెతో ఉన్నది ఆడపువ్వు. దీని పుప్పొడి దానికి అంటకపోతే పిందె ఎలా నిలుస్తాది? నువ్వు తుంచీసినవి తుంచీసినట్టే, మిగిలినవైనా ఉండనీ."

దాంతో కట్ట తెగింది. పక్క కొండ మీది ముళ్ళపంది తవుడమ్మ, ఆనపపువ్వు సాయంత్రమే విచ్చుకుంటుందనీ, తెల్లారేసరికి వాడిపోతుందనీ, రాత్రి తిరిగే రెక్కపురుగులు పుప్పొడి మోస్తాయనీ చెప్పింది. చుట్టూ వేరే పూలు లేని బోడిబండ మీదికి ఆ పురుగులు రావనీ, అలాంటిచోట మనమే మగపువ్వు కోసి, రేకులు ఒలిచి, మధ్యనున్న పొడిని ఆడపువ్వు లోపల మెత్తగా రుద్దాలనీ ఇంకెవరో అందించారు. గట్టిగా రుద్దవద్దని మరొకరు.

గవరమ్మ చివరిదాకా వినలేదు. పళ్ళ మధ్యనున్న పువ్వుని జాగ్రత్తగా కోసుకుని బండ పైకి పరిగెత్తింది. ఇన్నాళ్ళూ పువ్వు విచ్చుకున్న వేళకే తను బండ మీద కూచుని జవాబు కోసం కాచుకుందని తలుచుకుంటే ఆమెకి నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. రేకులు ఒలిచి, మీసాలు కూడా తగలకుండా ఊపిరి బిగబట్టి, పొడిని రుద్దింది.

వారం తిరిగినా ఆ పిందె రాలలేదు. నునుపు తేలి, బరువెక్కి, కిందికి వంగింది. గవరమ్మ లోయలోకి ఆ కబురు చెప్పి, అబద్ధం ఆడినందుకు అందర్నీ మన్నించమని వేడుకుని, మళ్ళీ ఇంకో ప్రశ్న వేసింది.

"సింహాద్రి మావా, నేను అన్నన్నిసార్లు అడిగినప్పుడు నువ్వక్కడే ఉన్నావు. తెలిసుండీ ఎందుకు చెప్పలేదు?"

సింహాద్రి నెమరు ఆపాడు. కొత్తవాళ్ళ సంగతి రాయుడు చూసుకుంటాడు కదా అని ఊరుకున్నాననీ, తప్పు చెవిన పడితే మాత్రం ఒంటికి దురద పుట్టినట్టు ఉంటుందనీ, అలా ఊరుకోవడం తప్పేననీ ఒప్పుకున్నాడు. అప్పుడు తవుడమ్మకి అనుమానం వచ్చింది. మగపువ్వులు తుంచెయ్యమన్నాడంటే ఈ రాయుడు ఏం పాదు పెట్టాడు?

"రాయుడు గారూ," అంది తవుడమ్మ, "ఇన్నేళ్ళయింది, మీ పాదు కబురు ఎప్పుడూ విన్లేదు. ఏం కాస్తోంది మీకు?"

లోయలో గాలి లేదు. ఆకు కదిలినా వినపడేది. రాయుడి వైపునుంచి ఏమీ వినపడలేదు. ఆ సాయంత్రమే కాదు, ఆ తర్వాత కూడా ఆయన గొంతు లేదు. కొత్తవాళ్ళు వచ్చి అడుగుతుంటే ఎవరికి ముందు తోస్తే వాళ్ళు జవాబు చెప్పేస్తున్నారు. అదేం పెద్ద కష్టంగా లేదని వాళ్ళకే ఆశ్చర్యంగా ఉంది.

ఒకనాడు తవుడమ్మ కాయ చూద్దామని కొండ దిగి గవరమ్మ వాకిటికొచ్చింది. పాదు పెట్టింది పందికొక్కని చూసి కాసేపు నోరు తెరిచి, తర్వాత ముళ్ళు గలగలలాడేలా నవ్వింది. ఇద్దరూ కాయ పక్కన కూచుని కబుర్లాడుకుంటూ ఉండగా పొద్దు వాలింది. అవతలి కొండ మీదినుంచి ఒక కొత్త గొంతు వినపడింది. బలవంతాన సన్నం చేసుకున్న గొంతు.

"కొత్తగా వచ్చానండీ. దోసగింజ... ఎంత లోతున పెట్టాలండీ?"

తవుడమ్మ గవరమ్మ డొక్కలో పొడిచింది. ముళ్ళని గుర్తుంచుకుని మెత్తగానే పొడిచింది. "అమ్మీ, పోల్చుకున్నావా? ఆడే, రాయుడే. గోరింక దగ్గరికి పొమ్మందామా?"

"పోల్చుకున్నాను అత్తా," అంది గవరమ్మ. "ఇన్నేళ్ళ తర్వాత తెలియదని ఒక్క మాట అనడానికి ఆయన గొంతే మార్చుకోవలసొచ్చింది. ఇంతకన్నా మనమేం శిక్ష వేస్తాం?"

గవరమ్మ బండ ఎక్కి, గోరు మునిగేంత లోతు చాలనీ, ముందు మట్టి గుల్ల చేసుకోమనీ, రోజూ తవ్వి చూడకూడదనీ చెప్పింది. అటునుంచి, సన్నదనం కొంచెం తగ్గిన గొంతుతో, నీళ్ళు ఎప్పుడు పొయ్యాలండీ అని వినపడింది.

నీతి: తనకు తెలియదని బయటపడుతుందేమోనన్న భయం ఉన్నవాడే, తెలుసుకోవడానికి వచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెడతాడు.