గండుపిల్లి నిండుకుండ

నల్లరేగడి చేల గట్టున జంతువులన్నీ ఎవరి మిరప మడి వాళ్లు వేసుకుని, ఏడాదికి సరిపడా కాయలు ఎండబెట్టుకునేవి. ఆ యేడు కాపు విరగకాసింది. కళ్లంలో ఎటు చూసినా ఎరుపే.

గండుపిల్లి బంగారయ్య తన కాయలు కుప్పగా పోసి, పక్కనే ముడుచుకు పడుకున్నాడు. కోడిపెట్ట నూకాలమ్మ మాత్రం కాయల్ని పలచగా పరిచి, కాళ్లతో తిరగేస్తూ, తాలువాటిని ముక్కుతో ఏరేస్తోంది. పొద్దు వాలితే మంచు తగలకుండా గడ్డి కప్పుతోంది.

"ఎందుకక్కా ఈ పాట్లు? గంపెడు కాయలు ఎండి సగమయ్యాయి. నావి చూడు, నిగనిగలాడుతున్నాయి!" అని మీసం దువ్వాడు బంగారయ్య.

"ఊపితే గింజ గలగలమనాలయ్యా. అప్పుడే కుండకెత్తాలి."

"కోడి తెలివి గంప కింది దాకానే!" అని నవ్వి, పచ్చి ఆరని కాయల్నే కుండనిండా కూరి, మూతికి గుడ్డ కట్టేశాడు.

వానలు పట్టాయి. ఒకనాడు గుడ్డ విప్పితే ముక్కు పగిలే కంపు. కాయలు నల్లబడి, బూజుతో ముద్దకట్టాయి. బంగారయ్య కుండంతా కెలికినా ఒక్క మంచికాయ దొరకలేదు. ఏడాదంతా చప్పిడి కూడే! అడుక్కోవడానికి నామోషీ. విత్తనానికని మేకతో అబద్ధమాడి తెచ్చిన గుప్పెడు మంచికాయలు పైన పేర్చి, కుండెత్తుకుని అందరి ఎదుటా బయల్దేరాడు.

"నూకాలమ్మక్కా! పిల్లలు గలదానివి. నీది సగం కుండ, నాది నిండుకుండ. మార్చుకుందాం. నష్టం నాకే రానీ!"

"ఆహా, ఏం ధర్మాత్ముడు!" అంది మేక.

పిల్లి పెట్టే దానమా అని నూకాలమ్మకు అనుమానం వచ్చింది.

"అలాగేనయ్యా. అడుగునుంచి నాలుగు కాయలు తియ్యి, పచ్చడి నూరతాను. ముందు నువ్వే రుచి చూద్దువుగాని."

"అడుగువెందుకక్కా? పైవి చాలవూ?" అంటూ బంగారయ్య కుండను వెనక్కి లాక్కున్నాడు.

"పైవి నీ మాటల్లాగే ఉన్నాయి. అడుగు చూస్తేగా నీ సంగతి తెలిసేది!"

"న్యాయమే," అంటూ ముసలి ఎద్దు కోటయ్య కొమ్ముతో కుండ ఒంచాడు. బూజు ముద్దలు దభీమని పడ్డాయి. మేక ముక్కు మూసుకుని పరిగెత్తింది.

"నిండుకుండ తొణకదంటారు. నీది కదిలిస్తే కంపు!" అంది నూకాలమ్మ.

బంగారయ్య తోక ముడిచాడు. "ఓ గుప్పెడైనా పెట్టక్కా..."

"అడిగి ఉంటే పెట్టేదాన్ని. మోసం చెయ్యొచ్చావు కదా, పో!"

ఎండకు ఒళ్లు దాచుకున్నవాడు వానలో ముఖం దాచుకోవాల్సిందే.