రత్నసేనుడు దాచుకున్న జబ్బు

మన ముత్తాతల ముత్తాతలు కూడా పుట్టని కాలంలో తామ్రగిరిని రత్నసేనుడనే రాజు ఏలుతుండేవాడు. వట్టి చేతులతో పులిని పడగొట్టినవాడు. ఆయన రాణి ఇందుప్రభ. ఆమె అంటే ఆయనకు ప్రాణం.

పెళ్ళయిన మూడో ఏడు రాజుకు ఒక కష్టం వచ్చింది. రాణిని దగ్గరకు తీసుకుంటే మనసు ఉరకలేసేది, ఒళ్ళు మాత్రం మాట వినేది కాదు. ఒకసారి అయింది, రెండుసార్లయింది, మూడోసారీ అంతే. ఇక రాణి మందిరానికి వెళ్ళడమే మానేశాడు. ఒకరోజు రాచకార్యం అన్నాడు, ఒకరోజు వ్రతం అన్నాడు.

"నా మీద మనసు విరిగిందా ప్రభూ?" అని అడిగింది ఇందుప్రభ.

సిగ్గు రాజు నోరు నొక్కేసింది. ఊరంతా రాణిని గొడ్రాలంది. ఆయన విన్నాడు, ఊరుకున్నాడు.

మారువేషం వేసుకుని వైద్యానికి తిరిగాడు. మొదట ఒక మూలికలవాడు భస్మం ఇచ్చాడు. నోరంతా పుండ్లు పడ్డాయి. తర్వాత ఒక బైరాగి నలభై రోజులు జలపాతం కింద నిలబెట్టాడు. జ్వరం వచ్చింది. మూడోవాడు కరాళుడనే మాంత్రికుడు.

"రాణి నీడే నీకు దోషం," అన్నాడు కరాళుడు. "ఆమెను పుట్టింటికి పంపు. అప్పుడే నా మందు పారుతుంది."

మునిగిపోయేవాడు ఏది దొరికితే అది పట్టుకుంటాడు కదా! రాజు పంపేశాడు. ఇందుప్రభ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే రాజు మందు తాగాడు. గుండె దడదడలాడి కుప్పకూలాడు. మూడు రోజులకు లేచాడు. జబ్బు జబ్బుగానే ఉంది. ఇందుప్రభ లేదు.

సముద్రపు ఒడ్డుకు పోయి, రాజునని మరచి ఏడ్చాడు. ఒక ముసలి తాబేలు తల బయటపెట్టి, "ఎందుకయ్యా ఏడుస్తావు?" అంది. మనిషి కాదు కనక దానికి చెప్పగలిగాడు.

"ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో నీలవ్వ ఉంది. ఒంటి సంగతి తెలిసిన మనిషి. నా వీపెక్కు," అంది తాబేలు.

నీలవ్వ గుడిసెలో రాజు తల వంచుకుని కూర్చున్నాడు. అతని బాధ తాబేలే అవ్వకు చెప్పింది.

"ఈ బాధతో వచ్చినవాళ్ళలో నువ్వు మొదటివాడివి కాదు నాయనా," అంది అవ్వ. "రాజులొచ్చారు, పడవలవాళ్ళొచ్చారు. దాహం ఎక్కువా?"

"ఎక్కువే అవ్వా."

"కాళ్ళు తిమ్మిరెక్కుతాయా? మూత్రం పోసినచోట చీమలు పడతాయా?"

"పడతాయి."

"మీ నాన్న ఎలా పోయాడు?"

"కాలి పుండు మానక."

అవ్వ నిట్టూర్చింది. "ఇది మధుమేహం. నరాలనూ నెత్తుటి దారులనూ తినేస్తోంది. నీ మగతనం ఎక్కడికీ పోలేదు. ఎవరి నీడా నీ మీద పడలేదు."

రాజు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. "ఆ మాట నమ్మి నా రాణిని వెళ్ళగొట్టాను అవ్వా. నాకు నయమవుతుందా?"

"చాలావరకు అవుతుంది. పూర్తిగా అని అబద్ధం చెప్పను. తిండి మార్చాలి, నడవాలి, నేనిచ్చే మందు విడవకుండా తినాలి. రాణికి నిజం చెప్పడం మాత్రం నీ పని. దానికి నా దగ్గర మందు లేదు."

ఆరు నెలలకు రాజు తిరిగొచ్చి నిండు సభలో నిలబడ్డాడు. "లోపం రాణిది కాదు. జబ్బు నాది. సిగ్గుపడి ఆమెను నిందకు వదిలేశాను. ఏడు సముద్రాల అవతలి దీవిలో నీలవ్వ ఇచ్చిన మందుతో కోలుకుంటున్నాను," అన్నాడు. మాంత్రికుణ్ణి పొలిమేర దాటించమని ఆజ్ఞ వేశాడు. సభ ముగిశాక సేనాపతి ఒంటరిగా వచ్చి, నేల చూస్తూ, "ప్రభూ, ఆ దీవికి దారెటు?" అని అడిగాడు.

ఆపైన రాజు మామగారి ఊరికి నడిచి వెళ్ళాడు. ఇందుప్రభ చిక్కిపోయి ఉంది. ఆయన చెప్పిందంతా వింది.

"తాబేలుకు చెప్పారు. నాకెందుకు చెప్పలేదు?"

"నీ కళ్ళలో చిన్నవాణ్ణయిపోతానని."

"నేను అన్నేళ్ళు అందరి కళ్ళలోనూ చిన్నదాన్నయ్యాను," అంది. అని ఏడ్చింది. మూడో రోజున ఆయన వెంట బయలుదేరింది.

మందు మెల్లగా పనిచేసింది. రెండేళ్ళకు ఒక కూతురు పుట్టింది. ఇద్దరూ ముప్పై ఏళ్ళు తామ్రగిరిని చల్లగా ఏలారు. ఇందుప్రభ మాత్రం తనను పంపేసిన రోజును మరచిపోలేదు. మరచిపొమ్మని రాజూ ఏనాడూ అడగలేదు.