కామేశ్వర్రావు గారి కొట్టు మీద ఫిర్యాదు

కొత్తగెడ్డలో సింహాద్రి, అప్పలకొండ అని ఇద్దరు అన్నదమ్ములుండేవారు. ఊళ్ళో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని వాళ్ళ నమ్మకం. నిజమే అయ్యుండాలి, ఎందుకంటే వాడిన గుర్తులు ఎక్కడా కనబడేవి కావు. "మా పిల్లలు చెప్పింది చెప్పినట్టు చేస్తారు" అని తల్లి నరసమ్మ వీధంతా చెప్పుకునేది.

ఆవిడ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఇక రోలు దగ్గర కూర్చోలేదు, పచ్చడి లేందే ముద్ద దిగదు. కొడుకులు కామేశ్వర్రావు గారి కొట్లో మిక్సీ కొనుక్కొచ్చారు. మీట నొక్కితే అది మూలిగింది గానీ తిరగలేదు. మూడు రోజులు మజ్జిగన్నంతో సరిపెట్టుకున్న నరసమ్మ నాలుగో రోజు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"వెళ్ళి ఆ కొట్టాయన్ని నిలదియ్యండ్రా" అంది.

అంతే, ఇద్దరూ వెళ్ళారు. కుర్చీలో ఉన్నాయన్ని చెరో రెక్కా పట్టుకుని నిలబెట్టి, తిరిగొచ్చేశారు.

"ఏమన్నాడ్రా?"

"ఏమంటాడమ్మా, బుద్ధిగా నిలబడ్డాడు."

మర్నాడు మళ్ళీ వెళ్ళి సంగతి చెప్పారు. కామేశ్వర్రావు గారు చల్లగా, "అమ్మిన సరుకు వెనక్కి తీసుకోం. కావాలంటే పైవాళ్ళకి చెప్పుకోండి" అన్నారు.

ఇంకేముంది, మేడెక్కారు. కొట్టు పైన ఉండే టైలరు పాపం అరగంట విన్నాడు. "ఇది వినియోగదారుల ఆఫీసులో చెప్పాలి బాబూ. గుమస్తా సుగుణమ్మ గారిని కలవండి. ఒక్కసారికి పనవదు, ఆఫీసు చుట్టూ తిరగాలి" అన్నాడు.

తిరిగారు. పదకొండో ప్రదక్షిణకి సుగుణమ్మ గారు కిటికీలోంచి చూసి లోపలికి పిలిచింది.

"ఎప్పుడు కొన్నారు, ఏం చెడింది, మీకేం కావాలి, అంతా పూసగుచ్చినట్టు రాయండి. బిల్లు జత చెయ్యండి. కింద సంతకం పెట్టండి" అంది.

ఇంత చిన్న పనికి జనం ఎందుకు భయపడతారో అని అన్నదమ్ములు జాలిపడ్డారు. నరసమ్మ మెడలో దండ తెంపి, కాగితం నాలుగంచులా పూసలు గుచ్చారు. బిల్లు చూస్తే ఒక్కటే ఉంది, జత కావాలి కదా. అంతే, అదే కొట్టుకెళ్ళి అదే రకం మిక్సీ ఇంకోటి కొన్నారు. కామేశ్వర్రావు గారు మర్యాదగా కూల్‌డ్రింకులు కూడా తెప్పించారు. రెండోదీ తిరగలేదు. మొదటిదానికి తోడుగా మూలిగింది. ఆఫీసులో అప్పలకొండ బల్ల కిందికి దూరి, నేల మీద నీటుగా సంతకం పెట్టాడు.

సుగుణమ్మ గారిది ఇరవై ఏళ్ళ సర్వీసు, ఇంతకంటే గొప్పవాళ్ళని చూసింది. పూసలు పక్కన పెట్టి, తనే ఫిర్యాదు రాసి, సంతకం కాగితం మీద పెట్టించింది. నోటీసు అందగానే కామేశ్వర్రావు గారు దిగొచ్చి రెండు మిక్సీలూ మార్చి ఇచ్చారు. నరసమ్మ ఆ పూట గోంగూర పచ్చడితో మూడుసార్లు అన్నం పెట్టించుకుంది.

"మళ్ళీ తేడా వస్తే ఆయన్ని వదలకండి" అని సుగుణమ్మ గారు ముందే చెప్పింది.

వారం తర్వాత ఒక మిక్సీ మూత చిట్లింది. ఇంకేముంది, అన్నదమ్ములు కొట్టుకెళ్ళి ఆయన చెరో చెయ్యీ పట్టుకున్నారు.

"మూత మార్చేశాను కదయ్యా, ఇక వదలండి."

"వదలద్దన్నారండి."

ఆ మధ్యాహ్నమే ఆయన కూతురికి పెళ్ళిచూపులు. చేసేదేముంది, ముగ్గురూ చేతులు పట్టుకునే వెళ్ళి మగపెళ్ళివారి ఎదుట వరసగా కూర్చున్నారు. వీళ్ళు పెద్ద ఆప్తులు కాబోలనుకుని, పెళ్ళికొడుకు తండ్రి సింహాద్రి వైపు తిరిగి గర్వంగా చెప్పాడు.

"మావాడి సంగతి ఊరందరికీ తెలుసండి. అసలు తిరగడు."

సింహాద్రి మొహం మాడిపోయింది. కామేశ్వర్రావు గారి చెవి దగ్గర వంగి, "తీసుకోకండి బాబూ, మాకూ ఇలాంటిదే అంటగట్టారు" అన్నాడు. ఖాళీగా ఉన్న చేత్తో జేబులోంచి కాగితం తీసి, పెళ్ళికొడుకు మీద ఫిర్యాదు రాయడం మొదలుపెట్టాడు.